క్యాంటీన్ల కూసొని మాట్లాడు మామా

నల్లగొండ

ఏం మామా, మంచిగున్నవా?

మేనేజర్ అయినవ్, పోలేపల్లిల మూడు షిఫ్టులు నీ నెత్తిన వడ్డయ్. ఇప్పుడు హెచ్‌ఆరోళ్లు "మీ కింద పనిచేసేటోళ్లతోని మీ గురించి రాయిస్తం" అన్నరని రాసినవ్ గద. భయపడకు గని, ఆ కాయితంతోనే మారిపోతననీ అనుకోకు.

వాకర్, స్మిదర్ అనే పరిశోధకులు 252 మంది మేనేజర్లను ఐదేండ్లు చూసి 1999ల తేల్చింది గిదే: వచ్చిన అభిప్రాయాలు ముందటేసుకొని టీంతోని మాట్లాడినోళ్లు, మాట్లాడనోళ్ల కన్న ఎక్కువ మారిండ్రు. అదే మేనేజర్ సుత మాట్లాడిన ఏడాది ఎక్కువ, మాట్లాడని ఏడాది తక్కువ బాగువడ్డడు. ఇంకో మాట. అన్ని తీర్ల ఫీడ్‌బ్యాక్‌ల మీద 1996ల క్లూగర్, డెనిసి లెక్క తీస్తే, మూడోవంతుకు పైన సందర్భాలల్ల పనితీరు ఉల్టా దిగజారింది. మాట పని మీదికెళ్లి మనిషి మీదికి పోయిందంటే గట్లనే అయితది. "మీకు ఓపిక లేదు" అంటే మనసు చివుక్కుమంటది, ఏం మార్చుకోవాల్నో తెల్వది. "షిఫ్టు మారేటప్పుడు అందరి ముందట ఒర్లుతరు" అంటే రేపటికెళ్లి బంద్ చేయొచ్చు.

అందుకే ప్రశ్నలు కండ్లకు కనవడే పనుల మీద ఉండాలె. ప్లాన్ మారితే ఎందుకో చెప్తడా? తప్పు జరిగితే ముందుగాల మొత్తం ఇంటడా? ఇసొంటియి పదో, పన్నెండో చాలు. హిందీ, ఒడియాల గూడ పెట్టు. చేతిరాత వద్దు, గుర్తువడతరని ఎవ్వరు నిజం రాయరు, 1కెళ్లి 5 దాక మార్కుల మీద టిక్కు పెట్టుడే. ఐదుగురి కన్న తక్కువున్న గ్రూపుకు వేరే రిపోర్టు తియ్యనియ్యకు. పేర్లు రాయమంటే మార్కులు ఉబ్బుతయని ఆంటోనియోని 1994లనే చూపెట్టిండు. నీ ఇంక్రిమెంటుకు ముడివెట్టినా సక్కగ రాయరు.

సగటు చూసి మోసపోకు. పదిమందిల ఐదుగురు 5, ఐదుగురు 1 ఇస్తే సగటు 3. చూస్తానికి నడిమి రకం, లోపల రెండు ముక్కలైన టీం.

ఇగ అసలు ముచ్చట, మీటింగ్. రిపోర్టొచ్చిన రెండు వారాలల్ల పెట్టు, క్యాబిన్ల గాదు, క్యాంటీన్ల. మధ్యాహ్నం పొద్దటి షిఫ్టు దిగంగనే అరగంట. ఆ అరగంటకు ఓటీ రాయించు, కంపెనీ బస్సు ఆపిపియ్యి. లేకుంటే అందరు గడియారం దిక్కే చూస్తరు. మొదలు నువ్వే చెప్పు: "ఇది బాగుందన్నరు, ఇది బాగలేదన్నరు. గీ రెండోది ఎప్పుడెప్పుడు అయితుందో చెప్పుండ్రి." "ఎవరు రాసిండ్రు" అన్న మాట నోట్లకెళ్లి వచ్చిందా, వచ్చే ఏడు అన్నీ 5లే వస్తయ్. "పైకెళ్లి ప్రెషర్" అని సంజాయిషీ మొదలువెట్టినవంటే మీటింగ్ ఆడికే ఒడిసింది. మొదటి ఐదు నిమిషాలు ఎవ్వరు మాట్లాడరు. "సారు ముందట ఏం చెప్తం" అనుడు మన దిక్కు అలవాటే గద. నువ్వు తొందరపడి అందుకోకు, ఊకో. పాత ఆపరేటర్ ఒక్కడు నోరు తెరిస్తే మిగిలినోళ్లు అందుకుంటరు.

రెండే పనులు ఒప్పుకొని తారీఖుతోని నోటీసు బోర్డుకు పెట్టు, నెలకోసారి ఆ రెండే అడుగు. జీతాల ముచ్చటొస్తే నీ చేతిల లేదని అప్పుడే చెప్పు. అడిగి ఊకుండుడు, అడగకున్నదాని కన్న నష్టం. ఒక్క ఏడాదిల శాన మారుతదనుకోకు; 2005ల స్మిదర్, లండన్, రైలీ 24 అధ్యయనాలు కలిపి చూసినా కనవడ్డది చిన్న మెరుగే.

ప్రశ్నల కాయితం ఫైనల్ కాకముందే ఒకపాలి నాకు పంపు. "మంచి నాయకుడా?" అనే ప్రశ్న ఉంటే మాత్రం ఇప్పుడే కొట్టేయి.

నీ దోస్తు