మణిసీమ రేడియో ఎవరు వింటున్నారే?

మహబూబ్‌నగర్,
ఆదివారం మధ్యాహ్నం

ఏమే, ఎట్లున్నావు? మిర్యాలగూడలో ఎండలు తగ్గాయా?

నీ మణిసీమ నవల మొత్తం చదివేశాను. కొరియర్ కవరు లావు చూసి మా ఆయన భూమి కాగితాలేమో అనుకుని గబగబా సంతకం పెట్టి తీసుకున్నాడు. తెరిచి చూస్తే లేని దేశం, దానికో పటం! నవ్వాడులే కానీ, రాత్రి నాకంటే ముందు తనే మూడో అధ్యాయం దాకా లాగించేశాడు. సేనాపతి రేడియో స్టేషన్‌ని స్వాధీనం చేసుకునే ఘట్టం ఆయనకు తెగ నచ్చింది. నాకు నచ్చలేదు. ఎందుకో చెప్తా, కోపం తెచ్చుకోకు. ఫిజిక్స్ చెప్పుకుని బతికేదాన్ని, రేడియో రిపేరు చేసే మేనమామ దగ్గర పెరిగినదాన్ని, నన్నడిగితే ఇట్లాగే ఉంటుంది మరి.

ముందు చిన్నవాటితో మొదలుపెడతాను. నీ జాతీయ రేడియోని 745 కిలోహెర్ట్జ్ మీద పెట్టావు. మన ఆసియాలో, యూరప్, ఆఫ్రికాల్లో కూడా, మీడియం వేవ్ స్టేషన్లను తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంలో కూర్చోబెడతారు. హైదరాబాద్ 738, విజయవాడ 837, ఏది తీసుకున్నా తొమ్మిదితో భాగించి చూడు, శేషం ఉండదు. అమెరికాలో పదేసి. నీ 745 అటూ కాదు, ఇటూ కాదు. 747 చేసెయ్, ఎవరూ వేలెత్తి చూపరు.

ఇక స్టేషన్ పట్టుకోవడం. మీ సేనాపతి సిపాయిలు ఊరి నడుమ స్టూడియోలోకి దూరి, మైకు లాక్కుని, దేశం మొత్తానికి ప్రకటన చదివేస్తారు. స్టూడియో వేరు, ట్రాన్స్‌మిటర్ వేరు తల్లీ! మన హైదరాబాద్‌లో స్టూడియోలు అసెంబ్లీ పక్కన సైఫాబాద్‌లో ఉంటే, మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌కి ఊరి బయట బోలెడంత జాగా కావాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ టవరే యాంటెన్నా. 738 మీద తరంగం పొడవు నాలుగు వందల మీటర్ల పైచిలుకు, అందులో నాలుగో వంతు ఎత్తు టవరన్నా నిలబడాలి, అంటే సుమారు వంద మీటర్లు. దాని కింద నేలలో రాగి తీగలు చుట్టూ పరిచి పాతుతారు. స్టూడియో నుంచి మాట ఆ టవర్ దాకా ఒక లైను మీద పోతుంది. అక్కడ డ్యూటీలో ఉన్న ఇంజినీరు ఒక్క స్విచ్చి దించితే సేనాపతి ఎంత గొంతు చించుకున్నా వినేది ఆ గదిలో వాళ్ళే. నీకు ఎంత మంచి పాత్ర దొరికిందో చూడు! రాత్రి డ్యూటీ ఇంజినీరు, డీజిల్ జనరేటర్, కరెంటు కోత. ఆ మనిషి నీ నవలలో లేనే లేడు.

ఇప్పుడు అసలు గొడవ. నీ దేశంలో మాట్లాడేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వినేవాళ్ళు లేరు. సేనాపతి ప్రకటన చదవగానే మణిసీమ జనం అంతా తలకాయ ఊపి నమ్మేస్తారు. ఎక్కడన్నా అట్లా జరిగిందా? సర్కారు రేడియో మీద నమ్మకం పోయిన మరుక్షణం మనిషి చేసే మొదటి పని రేడియో ముల్లు వేరే స్టేషన్‌కి తిప్పడం.

నీకు దూరం పోయే పనిలేదు. 1948లో మన హైదరాబాద్ సంస్థానమే ఒక వేరే దేశంలాగ ఉండేది, దానికి సొంత రేడియో ఉండేది, దక్కన్ రేడియో. ఉర్దూదే పెద్దపీట. పోలీసు చర్య ముందు రోజుల్లో అది చెప్పేదొకటి, సరిహద్దు అవతల నుంచి వినపడేది ఇంకొకటి. మా వైపు పెద్దలు ఇప్పటికీ భాగ్యనగర్ రేడియో సంగతి చెప్పుకుంటారు. గద్వాల పాగ పుల్లారెడ్డి గారు, వాళ్ళ జట్టు తుంగభద్ర అవతల కర్నూలులో రహస్యంగా నడిపారు. ఏరు దాటితే నిజాం పోలీసు లేడు, తరంగానికి ఏరు అడ్డం లేదు. అలంపూర్‌లో కూర్చున్నవాడికి కర్నూలు ఎంత దూరమని? చివరికి సెప్టెంబర్ 17 సాయంత్రం నిజామే స్వయంగా దక్కన్ రేడియోలో మాట్లాడాల్సి వచ్చింది. 1950 ఏప్రిల్ 1న ఆ స్టేషన్ ఆకాశవాణిలో కలిసిపోయింది. నీ మణిసీమకు సరిహద్దు నది ఎట్లాగూ గీశావు కదా, దాన్ని వాడుకోవేం?

పాటల సంగతి కూడా ఇంతే. 1952లో కేస్కర్ గారు సమాచార మంత్రి అయ్యాక సినిమా పాటలు మనుషుల్ని చెడగొడుతున్నాయని ఆకాశవాణిలో వాటిని దాదాపు మూసేశారు. జనం శాస్త్రీయ సంగీతం వింటూ కూర్చున్నారా? ముల్లు శ్రీలంకలోని రేడియో సిలోన్‌కు తిప్పారు. బినాకా టూత్‌పేస్టు వాళ్ళ ప్రోగ్రాంలో హిందీ పాటలకు అమీన్ సయానీ గొంతు, తెలుగు పాటలకు మీనాక్షీ పొన్నుదురై గొంతు, ఇక ఆకాశవాణి ఎవరికి కావాలి! ఐదేళ్ళకు ఢిల్లీ దిగివచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలుపెట్టింది. ఒక మంత్రిగారి అభిరుచి పక్క దేశం స్టేషన్‌కి ఎంత వ్యాపారం తెచ్చిపెట్టిందో! నీ సేనాపతి జానపదాలు నిషేధిస్తాడు కదా, ఆ తర్వాత ఏం జరిగిందో నువ్వు రాయలేదు. అదే రాయాల్సింది.

వార్త దాచితే ఏమవుతుందో మన అందరికీ తెలుసు. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ మీద కాల్పులు జరిగింది పొద్దున. ఆమె లేదన్న మాట బీబీసీ ఎప్పుడో చెప్పేసింది. ఆకాశవాణి సాయంత్రం దాకా నోరు విప్పలేదు. నన్ను పెంచిన మేనమామ నారాయణపేటలో కొట్టు పెట్టుకున్న రోజులవి. ఆ మధ్యాహ్నం రిపేరుకొచ్చిన సెట్లన్నిట్లో ఏది దూరదేశాల స్టేషన్లు వచ్చే షార్ట్ వేవ్ లాగుతుందో అదే బల్ల మీదికి ఎక్కిందట. మామకు ఇంగ్లిష్ రాదు, కానీ ఆ గొంతు తీరు చూసి విషయం పసిగట్టానని ఇప్పటికీ గొప్పలు చెప్తాడు. కొంచెం కలిపి చెప్తాడనుకో, అది ఆయన అలవాటు.

ఆయన్ని అడిగి నీకోసం ఇంకో సంగతి కనుక్కున్నా. నీ ఏడో అధ్యాయంలో సర్కారు ఒక్క స్టేషనే పలికే రేడియోలు ఇంటింటికీ పంచుతుంది. ఇది కల్పన కాదు, ఉత్తర కొరియాలో సెట్లను ఒకే స్టేషన్‌కి బిగించి సీలు వేసే పద్ధతి ఉంది. 1933లో జర్మనీ వాళ్ళు కూడా తక్కువ ధరకు జనానికి రేడియోలు అమ్మారు. చవకగా చేసినవి కాబట్టి దూరపు స్టేషన్లు వాటికి సరిగా అందేవి కావు. రాత్రయితే అవీ పక్క దేశాలను లాగేవి. అందుకే యుద్ధం మొదలవగానే విదేశీ స్టేషన్ వింటే శిక్ష అని చట్టం చేయాల్సి వచ్చింది. మరి సీలు వేసిన సెట్టును ఎట్లా విప్పుతావని మామను అడిగితే కళ్ళు మెరిశాయి. వెనక అట్ట తీయాలి, లోపల తీగ చుట్టిన కాయిల్ మధ్యలో స్టేషన్‌ని మార్చే నల్లటి ఫెర్రైట్ మర ఉంటుంది, దాన్ని మెల్లగా తిప్పాలి. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే ఆ ఇనుముకే ట్యూనింగ్ జరిగిపోతుంది, అందుకని వెదురు పుల్లను ఉలిమొనలాగ చెక్కి దాంతో తిప్పుతారట. పావు చుట్టు తిరిగేసరికి గుయ్‌మన్న శబ్దం లోంచి ఇంకో దేశం గొంతు పైకి తేలుతుంది. సీలు మళ్ళీ లక్కతో అతికించడం తనకు ఎడమచేతి పని అన్నాడు. ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చినప్పుడు నీ మెకానిక్ చొక్కా జేబులో వెదురు పుల్ల కనపడితే? రాయవే, చాలా టెన్షన్ ఉంటుంది.

రాత్రి అన్నాను కదా, అది మర్చిపోకు. పగలు పైన వాతావరణంలో ఒక పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది, కాబట్టి నేలబారుగా పోయినంత మేరే వినపడుతుంది. పొద్దు గూకగానే ఆ పొర కరిగిపోయి, ఇంకా పైనున్న పొర తరంగాన్ని అద్దంలాగ తిప్పి కిందికి కొడుతుంది. వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్లు అప్పుడు దిగుతాయి. అంటే మణిసీమ జనం పగలు సేనాపతిని, రాత్రి పొరుగు దేశాన్ని వింటారు. అడ్డుకోవాలంటే అదే ఫ్రీక్వెన్సీ మీద రొద పెట్టాలి, జామింగ్ అంటారు. సోవియట్ వాళ్ళు ఏళ్ళ తరబడి చేశారు. కానీ రొద పెట్టే యంత్రం వినేవాడి దగ్గర్లో ఉండాలి, కాబట్టి పట్టణాల్లో పనిచేసినంతగా పల్లెల్లో చేయదు. పల్లెటూళ్ళ వాళ్ళకే నిజం ముందు తెలిసే దేశం! నీలాంటి నల్లగొండ మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

అట్లాగని సర్కారు రేడియో ఎప్పుడూ చప్పిడి కూడే అనుకోకు. అసలు భయపడాల్సింది రుచిగా ఉండేదానికి. 1993లో రువాండాలో మొదలైన ఒక ప్రైవేటు రేడియో పాటలతో, జోకులతో, వీధి భాషతో జనాన్ని కట్టిపడేసింది. మరుసటి ఏడు అదే గొంతు ఎవరిని చంపాలో చెప్పింది. దాని వెనక ఉన్నవాళ్ళకు 2003లో రువాండా కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం శిక్ష వేసింది. నీ సేనాపతి ఎంతసేపూ గ్రాంథికంలో గర్జిస్తాడు. వాడి పక్కన ఒక నవ్వించే అనౌన్సర్‌ని పెట్టు, చదివేవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది.

ప్రైవేటు ఎఫ్.ఎం.ల అధ్యాయం మీద ఒక్క మాటే. మణిసీమలో అవన్నీ పోటాపోటీగా వార్తలు చదువుతున్నాయి, బాగుంది. మన దగ్గర గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పినా, ప్రైవేటు ఎఫ్.ఎం. సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణివి వేస్తే వేయాలి. మణిసీమ నియంత మనకంటే ఉదారంగా ఉన్నాడన్నమాట. సరిచూసుకో.

నీ కథానాయికకు కొండ మీద రహస్య స్టేషన్ ఇచ్చావు, అది నాకు ఇష్టమే. కానీ అంత పెద్ద టవరు, అంత కరెంటు ఎక్కడివి ఆమెకు? జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో తెలుసు కదా. దళిత ఆడవాళ్ళు నడిపేది. లైసెన్సు వచ్చింది 2008లో. దానికి పదేళ్ళ ముందు నుంచే వాళ్ళు విత్తనాల సంగతులు, పాటలు, మందులు రికార్డు చేసి, గాలిలో వదలనివ్వడం లేదు కాబట్టి క్యాసెట్లు పట్టుకెళ్ళి సంఘాల్లో వినిపించారు. ఆమెకూ అట్లాంటి క్యాసెట్ల సంచి ఒకటి ఇవ్వు. బస్సులో సీటు కింద పెట్టుకుని పోతుంది, ఏ జామింగూ ఆపలేదు.

ఇంకో సందేహం. నీ దేశంలో రేడియో పెట్టుకోవాలంటే లైసెన్సు ఉందా? మన దగ్గర ఒకప్పుడు పోస్టాఫీసులో ఏటా కట్టేవాళ్ళం, చిన్న పుస్తకంలో స్టాంపులు అతికించేవాళ్ళు. ఉంటే మాత్రం ఎవరి ఇంట్లో సెట్టు ఉందో సర్కారుకు పేర్లతో సహా తెలుసన్నమాట. ఇది పదో అధ్యాయంలో సోదాలకు పనికొస్తుంది.

కాగితాల మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను, మా ఆయన కూడా అక్కడక్కడా ఏదో గీకాడు, అవి పట్టించుకోకు. కురుమూర్తి జాతరకు పిల్లల్ని తీసుకుని రా, అప్పుడు ఇస్తాను. అప్పటికి ఆ రాత్రి డ్యూటీ ఇంజినీరుకు ఒక పేరు, ఒక సంసారం పెట్టి ఉంచు. పెళ్ళాం మటుకు పొరుగు దేశం స్టేషన్ వినేదై ఉండాలి, అది నా షరతు.

నీ దోస్తు