కనబడని గ్రహణానికి కడుపు మాడ్చుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఈ ఏడు (2026) ఆగస్టు 12న చుక్కల అమావాస్య నాడు సూర్యగ్రహణం, 28న రాఖీ పున్నమి నాడు చంద్రగ్రహణం అన్న మాట నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో అప్పుడే ఇంటింటికీ చేరింది. ఏ రాశివాళ్లకు గండం, అన్నం ఎన్ని గంటలకు మానాలి, కడుపుతో ఉన్న పిల్లను ఏ అర్రలో పడుకోబెట్టాలి అని జనం అడుగుతున్నారు. పంచాంగం చూసేవాళ్లం కాబట్టి ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ రెండు గ్రహణాలూ మన దగ్గర కనబడవు. 12వ తేదీది మన గడియారం ప్రకారం రాత్రి 9 దాటాక మొదలై ఒకటిన్నర లోపు అయిపోతుంది. ఆ వేళ మనకు సూర్యుడే ఉండడు. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్పెయిన్ వాళ్లు చూస్తారు. 28వ తేదీన చంద్రునికి పట్టు ఉదయం 8 దాటాక. మనకు చంద్రుడు అంతకు రెండు గంటల ముందే అస్తమిస్తాడు.

ధర్మశాస్త్రంలో గ్రహణ విధి అంతా కంటికి కనబడే గ్రహణానికే. కనబడకపోతే పట్టు స్నానం లేదు, విడుపు స్నానం లేదు, సూతకం (గ్రహణానికి ముందు భోజనం మానాల్సిన వేళ) లేదు, రాశిఫలం అసలే లేదు. జంధ్యాల పున్నమి నాడు ఉపాకర్మ (కొత్త జంధ్యం వేసుకునే కర్మ) వాయిదా వేయాలా అని అడిగేవాళ్లకూ ఇదే జవాబు. వాయిదా అక్కర్లేదు. రాఖీ కూడా ఎప్పటిలాగే కట్టుకోవచ్చు. చంద్రునికి కేవలం పలుచని బయటి నీడ సోకే ఉపచ్ఛాయ గ్రహణాలనూ శాస్త్రం లెక్కలోకి తీసుకోదు.

గ్రహణం అంటే నీడ. నీడకు చోటు ముఖ్యం. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరుని గుడికి పోయినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. గర్భగుడిలో లింగం వెనుక గోడమీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలుస్తుంది, కానీ పక్క గర్భగుడికి పోయి వెతికితే అది దొరకదు. చంద్రగ్రహణంలో భూమి నీడ చంద్రుని మీద పడుతుంది కాబట్టి ఆ వేళ చంద్రుడు పైన ఉన్న ఊళ్లన్నిటికీ పట్టు, విడుపు ఒకే సమయానికి. సూర్యగ్రహణంలో చంద్రుని నీడ భూమి మీద పరుగెత్తుతుంది, అందుకే ఊరూరికీ సమయం మారుతుంది. 1980 ఫిబ్రవరి 16, శనివారం, మాఘ అమావాస్య నాడు ఆ నీడ మన పాలమూరు, నల్లగొండ జిల్లాల మీదుగానే పోయింది. మధ్యాహ్నం మూడు ముప్పావు ప్రాంతంలో రెండు నిమిషాలకు పైగా పట్టపగలు చీకటైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జపాల-రంగాపూర్ వేధశాల నుంచి శాస్త్రవేత్తలు ఆ గ్రహణాన్ని పరిశీలించారు. సంపూర్ణ గ్రహణం మన నేల మీదికి రావడమంటే అది. ఎక్కడో అట్లాంటిక్ అవతల పడే నీడకు మిర్యాలగూడలో అన్నం పారబోయడం తగదు.

ఇక కనబడే గ్రహణాల సంగతి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మొన్న మార్చి 3న హోలీ పున్నమి నాటి చంద్రగ్రహణం గ్రస్తోదయం. అంటే చంద్రుడు పట్టుతోనే పొడిచాడు. పట్టు మధ్యాహ్నం 3.20కి, విడుపు సాయంత్రం 6.47కి. కానీ మహబూబ్‌నగర్‌లో చంద్రోదయమే సుమారు 6.25కి. పుణ్యకాలం కంటికి కనబడినంతసేపే కాబట్టి మనకు దక్కింది ఇరవై నిమిషాల పైచిలుకు మాత్రమే. రాజమండ్రికి గుణించిన పంచాంగం పట్టుకుంటే చంద్రోదయం దాదాపు పావుగంట ముందు కనబడుతుంది. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది. నల్లగొండ 79.3 దగ్గర ఉంది, మహబూబ్‌నగర్ 78 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నల్లగొండ 13 నిమిషాలు, మహబూబ్‌నగర్ 18 నిమిషాలు వెనుక. రోజువారీ తిథికి ఇది పెద్ద తేడా కాదు. ఇరవై నిమిషాల పుణ్యకాలానికి మాత్రం పావుగంట తేడా వస్తే జపం చేయాల్సినవాళ్లు చంద్రుడు పొడవకముందే లేచి కూర్చుంటారు.

సూతకం లెక్క సులువే. జాము అంటే మూడు గంటలు. చంద్రగ్రహణానికి మూడు జాములు, సూర్యగ్రహణానికి నాలుగు జాములు ముందు నుంచి భోజనం మానాలి. ఈ గంటలను పట్టు సమయం నుంచి వెనక్కి లెక్కించాలి, గ్రహణ మధ్యకాలం నుంచి కాదు. 2025 సెప్టెంబర్ 7న పట్టు రాత్రి 9.57కి. తొమ్మిది గంటలు వెనక్కి పోతే మధ్యాహ్నం 12.57. ఆలోపు తిన్నవాళ్లకు దోషం లేదు. గ్రస్తోదయమైతే ఆ పగలంతా భోజనం ఉండదు, విడుపు చూసి స్నానం చేశాకే. పిల్లలకు, ముసలివాళ్లకు, రోగులకు ఈ లెక్క వర్తించదు. వాళ్లకు జామున్నర చాలునని, అదీ కుదరకపోతే మూడు ముహూర్తాలు, అంటే రెండుగంటల ఇరవై నాలుగు నిమిషాలు చాలునని శాస్త్రమే సడలించింది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లను తొమ్మిది గంటలు పస్తు పెట్టి ఆస్పత్రికి మోసుకుపోవడం భక్తి అనిపించుకోదు. ఆనాడు తద్దినం వస్తే వంటకు బదులు బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకంగా ఇవ్వొచ్చు. పచ్చళ్లు, నెయ్యి, నూనె, పాల మీద దర్భ వేస్తే చాలు, పారబోయనక్కర్లేదు. వేయాల్సింది దర్భ. గరిక కాదు.

రాశిఫలం దగ్గర జనాన్ని ఎక్కువగా భయపెడుతున్నది తప్పు లెక్క. సూత్రం ఇది: మీ జన్మరాశి నుంచి గ్రహణం పట్టిన రాశి దాకా లెక్కపెట్టాలి. 3, 6, 10, 11 అయితే శుభం. 2, 5, 7, 9 అయితే మధ్యమం. 1, 4, 8, 12 అయితే అశుభం. మార్చి 3న సింహరాశిలో పట్టింది. మకరం వాళ్లు మకరం నుంచి సింహానికి లెక్కిస్తే ఎనిమిది, అశుభం. తలకిందులుగా సింహం నుంచి మకరానికి లెక్కిస్తే ఆరు, శుభమని వస్తుంది. మీనం వాళ్లకు అసలు ఆరు వచ్చేచోట ఎనిమిది వచ్చి అనవసరంగా గుండె జారుతుంది. ఫోన్లలో తిరిగే జాబితాల్లో ఈ తలకిందుల లెక్క తరచూ కనబడుతోంది. రెండో తప్పు రాశి విషయంలో. ఏప్రిల్‌లో పుట్టాను కాబట్టి మేషం అనుకునేది పాశ్చాత్యుల లెక్క, అది సూర్యుణ్ణి బట్టి. మనకు జన్మరాశి అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి. పుట్టిన సమయం తెలియకపోతే పేరులోని మొదటి అక్షరంతో చూసుకునే వాడుక ఉంది గానీ, దానికి జన్మరాశికున్నంత బలం లేదు.

అశుభం వచ్చినా అది ప్రమాదం రాసిపెట్టినట్టు కాదు. శ్లోకాల్లో ఎనిమిదింటికి 'మృతి' అన్న మాట ఉన్నందుకే ప్రాణం పోతుందని చెప్పి వేలకు వేలు గుంజేవాళ్లున్నారు. అది గోచారంలో, అంటే ఇప్పటి గ్రహాల నడకలో, ఒక సూచన. దశ, అంతర్దశ, లగ్నం చూడకుండా దాని మీద తీర్పు చెప్పేవాళ్లు జాతకం చదవనట్టే. అశుభమైనవాళ్లకు శాస్త్రం చెప్పింది దానం. కంచు గిన్నెలో ఆవునెయ్యి పోసి, చంద్రగ్రహణానికి చిన్న వెండి చంద్రబింబం, నాగపడగ వేసి దక్షిణతో ఇవ్వాలి. శక్తి లేకపోతే చంద్రునికి కిలోంబావు బియ్యం, రాహువు పట్టినప్పుడు కిలోంబావు మినుములు, కేతువు పట్టినప్పుడు ఉలవలు చాలు. పట్టినప్పుడు స్నానం, మధ్యలో జపం, విడిచేటప్పుడు దానం, విడిచాక మళ్లీ స్నానం, ఇదీ వరుస. పాత శాసనాల్లో రాజులు, సామంతులు గ్రహణ నిమిత్తం, సంక్రాంతి నిమిత్తం అని చెప్పి గుళ్లకు, చెరువులకు భూములిచ్చిన సంగతి మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ వేళను వాళ్లు ఇచ్చే వేళగా చూశారు.

గర్భిణుల మాట వేరుగా చెప్పాలి. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి గ్రహణం మొర్రి అంటాం, తల్లి గ్రహణంలో కదిలిందని నిందిస్తాం. బిడ్డ పైపెదవి కడుపులో నాలుగు నుంచి ఏడు వారాల మధ్యే అతుక్కుంటుంది, అంగిలి తొమ్మిదో వారానికల్లా. అప్పటికి చాలామందికి కడుపు నిలిచిందన్న సంగతి కూడా సరిగా తెలియదు. వంశంలో ఉన్న లోపం, పొగాకు, కొన్ని రకాల మందులు అందుకు దోహదం చేస్తాయి. ఎనిమిదో నెల పిల్లను చీకటి అర్రలో వెల్లకిలా పడుకోబెట్టి, మంచినీళ్లు ఇవ్వకుండా, మూత్రానికి కూడా లేవనీయకపోతే పెదవికి ఒరిగేదేమీ లేదు. ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరుగుతాయి, కడుపులో నొప్పులు రావచ్చు. పక్కకు తిరిగి పడుకోనివ్వండి. అడిగినప్పుడల్లా నీళ్లివ్వండి. జపం చేసుకోగలిగితే కూర్చుని చేసుకుంటుంది. చీలిన పెదవికి ఆపరేషన్ ఉంది, తల్లి మీద వేసిన నిందకు లేదు.

ఇంకో సంగతి. ఇత్తడి తాంబాలంలో నీళ్లు పోసి, రోకలి నిలబెట్టి, అది నిలబడింది కాబట్టి గ్రహణం పట్టిందనడం మన ఊళ్లల్లో ఇంకా ఉంది. రోకలి అడుగున ఇనుప పొన్ను సమంగా ఉంటే అది ఏ రోజైనా నిలబడుతుంది. పొన్ను అరిగి ఒకవైపు వంగితే గ్రహణంలోనూ పడిపోతుంది. మామూలు మంగళవారం నాడు పిల్లల చేత పెట్టించి చూడండి.

రుతువులు మారడంలోనూ ఇలాంటి గందరగోళమే ఉంది. కార్తెలు సూర్యుడు నక్షత్రాల్లో నడిచే లెక్క, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. మన రైతుకు మిరుగు (మృగశిర కార్తె) అంటే జూన్ 8. ఆ రోజు చేపలు, ఇంగువ బెల్లం తినడం ఎండ నుంచి వానకు మారే ఒంటికి వేడి కోసం. అయితే నక్షత్రాల లెక్క, ఎండావానల లెక్క ఒక్కటి కాదు. సుమారు 71 ఏండ్లకు ఒక రోజు చొప్పున కార్తె ఆలస్యంగా వస్తుంది. కాకతీయుల కాలం నుంచి ఇప్పటికి సుమారు పది రోజులు ఆలస్యమైంది. సామెతల్లో చెప్పిన వాన అదే కార్తెకు రాకపోతే సామెత తప్పని కాదు, ఒక కార్తె అటూ ఇటూ చూసుకోవాలి. ఉత్తర చూసి ఎత్తర గంప అని వలసల పాలమూరుకు బాగా తెలిసిన మాట. సెప్టెంబర్ నడుమ వచ్చే ఉత్తర దాకా వాన లేకపోతే ఊరు విడవాలని దాని భావం. అది కాలాన్ని చూసి బతుకు నిర్ణయం తీసుకోమన్న మాట, ఎవరి జాతకంలోనో దోషముందని కాదు. ఉత్తరాయణం కూడా అంతే. పగలు పెరగడం డిసెంబర్ 22 నుంచే మొదలవుతుంది. మనం మకర సంక్రాంతికి చేసుకునేది నక్షత్ర లెక్క ప్రకారం, ఆ రెంటికీ మధ్య 24 రోజుల దూరం పెరిగింది. ఉపనయనానికి, దేవతా ప్రతిష్ఠకు ఉత్తరాయణం చూస్తారు. పెళ్లికి ఆ నియమం లేదు. శ్రావణంలో, కార్తీకంలో, మార్గశిరంలో జరిగే పెళ్లిళ్లన్నీ దక్షిణాయనంలోవే కదా. ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది, మే 17 నుంచి జూన్ 15 వరకు అధికమాసం. ఆ నెలలో పుట్టిన పిల్లలకు ఏదో కొరత అని బెంగపడుతున్న ఇళ్లున్నాయి. వాళ్ల పుట్టినరోజు ఏటా మామూలు జ్యేష్ఠంలో అదే తిథికి చేసుకోవాలి, అంతకు మించి ఏమీ లేదు.

మీ పత్రికకు ఒక విన్నపం. గ్రహణం వార్త వేసినప్పుడు రాశిఫలాల కంటే ముందు అది తెలంగాణలో కనబడుతుందా లేదా అన్నది పెద్ద అక్షరాల్లో వేయండి. కనబడితే నల్లగొండకు, మహబూబ్‌నగర్‌కు, గద్వాలకు వేరువేరుగా చంద్రోదయం, పట్టు, విడుపు, సూతకం మొదలయ్యే సమయం ఇవ్వండి. పిల్లలకు, గర్భిణులకు, రోగులకు ఉన్న సడలింపును దాని పక్కనే అచ్చు వేయండి. సూర్యగ్రహణమైతే ఎక్స్‌రే ఫిల్ములు, పసుపు నీళ్లలో నీడ చూడటం కంటికి ప్రమాదమని, వేపచెట్టు కింద నేల మీద పడే నెలవంక మచ్చలను చూస్తే చాలునని రాయండి. ఆగస్టు 12 రాత్రి మాత్రం ఎప్పటిలాగే వండుకుని, తిని, పడుకోవచ్చని ఈ వారమే ఒక్క ముక్క వేస్తే చుక్కల అమావాస్య నాటికి అది పల్లెలకు చేరుతుంది.

ఇట్లు,
పంచాంగ గణితం చేసే పాఠకులు,
నల్లగొండ