మా పెరటి మెట్లకు చెయ్యి వేసిన అందరికీ

అందరికీ నమస్కారం. భువనగిరి దగ్గర మా ఇంటి వెనక పెరడు చూసినవాళ్లకు తెలుసు, అది పెరడు కాదు, పరుపుబండ. పైన ఇల్లు, కింద కూరగాయల మడులు, మధ్యలో ఏటవాలు రాయి. వానాకాలంలో అమ్మ కొత్తిమీర కోసమని ఆ బండ మీద దిగుతుంటే ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. ఇప్పుడు అక్కడ మెట్లున్నాయి. తాతగారి పెంకుటిల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు దూలాలతో కట్టినవి. కట్టించింది మేమే అయినా, అవి కదలకుండా నిలబడ్డది మాత్రం కొందరి పుణ్యం. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి వరసలతోనే చెప్పుకుంటాను.

మొదట రైల్వేలో చేసి రిటైరైన మా బావగారికి. దూలాలు చాలకపోతే పాత రైలు స్లీపర్లు కొందామా అని అడిగితే ఒక్క మాటలో వద్దన్నారు. చెక్క స్లీపర్లు చెదలు పట్టకుండా, కుళ్లకుండా క్రియోసోట్ నూనెలో నానబెట్టినవి. ఎండకు ఆ నల్లటి జిడ్డు పైకి ఊరుతుంది, ఒంటికి మంచిది కాదు. ఉత్త కాళ్లతో తిరిగేచోట, ఆకుకూరల పక్కన అసలే పెట్టకూడదట. ఆయన చెప్పాక మెట్ల వెడల్పు తగ్గించుకున్నాం, ఉన్న దూలాలే సరిపోయాయి.

ఇక మా వడ్రంగి పెదనాన్న. ఆయన గురించి ఎంత రాసినా తక్కువే. దూలాలు చూడగానే రంపం తియ్యలేదు, పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం తెప్పించి ప్రతి దూలం మీదా నిమిరారు. అది అతుక్కున్నచోటల్లా లోపల విరిగిపోయిన మేకు. పట్కారుకు అందినవి పీకారు, అందనివాటికి సుద్దముక్కతో గుర్తు పెట్టి ఆ చోటు వదిలేసి కోశారు. బయటి తెల్లచెక్క చెదలు తిని పొడైపోయింది గానీ, లోపలి చేవ మాత్రం ఇనుమే. తెల్లదంతా బాడిసతో చెక్కేశారు.

అసలు చిక్కు రాయి ఎగుడుదిగుళ్లది. బండను చదును చేయిద్దామని నేనంటే ఆయన నవ్వి, "ఏది మెత్తగుంటె దాన్నే కొయ్యాలె బిడ్డా" అన్నారు. దూలాన్ని రసమట్టం పెట్టి అడ్డంగా నిలిపారు. చిన్న చెక్కముక్క మీద పెన్సిల్ ఆనించి, ఆ ముక్కను రాయి వెంట జరుపుకుంటూ పోయారు. రాయి ఎక్కడ లేస్తే అక్కడ దూలం మీద గీత లేచింది, ఎక్కడ దిగితే అక్కడ దిగింది. ఆ గీత వెంట కోసి పెడితే దూలం బండ మీద అతికినట్టు కూర్చుంది. నేను కాసేపు దాని కింద వేలు దూర్చే చోటు కోసం వెతికాను, దొరకలేదు.

రాతిపని చేసే మేస్త్రికీ, ఆయన ఇల్లాలికీ ప్రత్యేకంగా దండం. మెషిన్ పెట్టేముందు ఆ అక్క సుత్తితో బండంతా తట్టుకుంటూ వచ్చింది. ఖంగుమంటే గట్టి రాయి, డొల్ల శబ్దం వస్తే కింద పొర లేచిందన్నమాట. మన గ్రానైటు బండలు అలా పొరలు పొరలుగా ఊడతాయి. డొల్ల పొరలో సలాక దించితే పొరతో పాటే మెట్టూ జారుతుంది. అందుకని గట్టిచోటే 6 అంగుళాల లోతు రంధ్రాలు వేసి, దూలంలోంచి 12 ఎం.ఎం. సలాకలు దించారు. దూలానికి రెండు. రంధ్రంలో దుమ్ము మిగిలితే, సలాక కదలకుండా చుట్టూ నింపే గ్రౌట్ పట్టదని పక్కింటి పిల్లాడు సైకిల్ పంపుతో ప్రతిదాన్నీ ఊది శుభ్రం చేశాడు. వాడి ముఖమంతా రాతిపొడే. వాడికి ఐస్‌క్రీం బాకీ ఉంది, మరిచిపోలేదు.

కొలతలు అడిగినవాళ్ల కోసం: మెట్టు ఎత్తు 5.5 అంగుళాలు, కాలు పెట్టే వెడల్పు 14. రెండు ఎత్తులూ ఒక వెడల్పూ కలిపితే 25 అంగుళాలకు అటూఇటూ రావాలన్నది పెదనాన్న లెక్క. ఎత్తులు మాత్రం అన్నీ ఒకేలా ఉండాలి, ఒక్కటి తేడా వచ్చినా కాలు అక్కడే తడబడుతుంది. దూలం వెనక 20 ఎం.ఎం. కంకర, దానిమీద రాతిపొడి దిమ్మిస చేసి, ముందుకు కాస్త వాలు ఇచ్చాం. కోసిన చివర్లే ఎక్కువ నీళ్లు తాగుతాయి కాబట్టి వాటికి అవిసె నూనె ఇంక పీల్చదనేదాకా పట్టించాం. మొన్నటి పెద్దవానకు నీళ్లు కంకరలోంచి దిగి, పక్క కాలువలో పడి పోయాయి. మెట్టు మీద ఎక్కడా నిలవలేదు.

పక్కన పట్టుకోవడానికి పైపు వెల్డింగ్ చేసిచ్చిన తమ్ముడు కూలి తీసుకోలేదు. సంక్రాంతికి అరిసెలు పంపితే చాలన్నాడు. అమ్మ ఇప్పటినుంచే బెల్లం గురించి మాట్లాడుతోంది.

రెండు దూలాలు ఇంకా మిగిలాయి. చివర్లు కొంచెం చెదలు తిన్నాయి గానీ నడుమ చేవ బాగుంది. ఎవరికైనా పనికొస్తే వచ్చి పట్టుకెళ్లండి, డబ్బులేం వద్దు. మేకులు ఇంకా పీకలేదు. అయస్కాంతం కూడా ఇస్తాం, అది మాత్రం తిరిగి ఇచ్చెయ్యాలి, పెదనాన్నది.