వేడెక్కితే లెక్క తప్పుతున్న మీ స్ట్రోబోస్కోప్ గురించి ఫిర్యాదు

గుంటూరు జిల్లా

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: చేతి స్ట్రోబోస్కోప్ (మెరుపులతో తిరిగే యంత్రాల వేగం కొలిచే దీపం) కాసేపు వాడాక తప్పు వేగం చూపడం, దాన్ని మార్చి ఇవ్వమని కోరడం.

అయ్యా,

నేను ఒక నూలు మిల్లులో రింగ్ ఫ్రేముల (నూలు వడికే యంత్రాల) మెయింటెనెన్స్ చూస్తాను. ఐదు నెలల కిందట మీ దగ్గర కొన్న స్ట్రోబోస్కోప్ వల్ల మా దగ్గర పనిచేసే ఒక అమ్మాయి తను చేయని తప్పుకు మాటలు పడింది. మీ సర్వీస్ వాళ్లకు రెండుసార్లు ఫోన్ చేసినా ఫలితం లేకపోయింది కాబట్టి ఇప్పుడు రాతలో పెడుతున్నాను.

మా ఫ్రేముకు 1,008 స్పిండిళ్లు, అంటే నూలు చుట్టుకునే కదుళ్లు. నాలుగేసి స్పిండిళ్లను బెల్టు లాంటి ఒక టేపు తిప్పుతుంది. టేపు వదులైతే ఆ నాలుగూ నెమ్మదిస్తాయి. ముందు రోలర్ల నుంచి వచ్చే పోగు వేగం మాత్రం తగ్గదు, కాబట్టి నూలుకు పురి చాలదు. ఆ నూలు మగ్గం మీద తెగుతుంది. వట్టి కంటికి అన్ని స్పిండిళ్లూ ఒక్కలాగే తిరుగుతున్నట్టుంటాయి. అందుకే ప్రతిదానికీ ఒక పెయింటు చుక్క పెట్టుకున్నాం. స్ట్రోబ్‌ను నిమిషానికి 16,000 మెరుపుల దగ్గర పెట్టి వెలుగు వేస్తూ నడిస్తే, సరైన వేగంతో తిరిగేదాని చుక్క కదలకుండా నిలబడుతుంది. 15,600 తిరిగేదాని చుక్క నిమిషానికి 400 చుట్లు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. నెమ్మదైన టేపు అలా దొరికిపోతుంది.

మీ పరికరం వచ్చాక ప్రతి వారం ఒకటే ఫలితం: మొదటి సగం బాగుంది, చివరి సగం నెమ్మది. ఆ చివరి సగం చూసుకునే అమ్మాయి టేపుల సంగతి సమయానికి చెప్పడం లేదని అందరం అనుకున్నాం. ఆ మాట ఆమె ముఖం మీదే అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. బాగున్న టేపులు పీకేసి కొత్తవి వేయించాను. అయినా మళ్లీ వారం అదే తీరు. ఆమె మాత్రం, "అన్నా, నా వైపు దారం తెగడం ఏమీ పెరగలేదు, చూసుకోండి" అంటూనే ఉంది.

ఒకరోజు నడక తిరగేసి, చివరి స్పిండిల్ నుంచి మొదలుపెట్టాను. అంతే, ఈసారి నెమ్మదైన సగం అటు నుంచి ఇటు వచ్చేసింది! తప్పు ఫ్రేములో లేదని, నా చేతిలో ఉన్నదాంట్లోనే ఉందని అప్పుడు తెలిసింది.

తర్వాత ఒకే స్పిండిల్ ముందు నిలబడి చూశాను. చల్లగా ఉన్నప్పుడు 16,000 దగ్గర చుక్క నిలబడింది. నలభై నిమిషాలు వెలిగించి ఉంచాక, తెరమీద అంకె మారకుండానే చుక్క వెనక్కి జరగసాగింది. 15,760 దగ్గరికి తగ్గిస్తే గానీ ఆగలేదు. అదే సమయంలో ఆ స్పిండిళ్లను తిప్పే టిన్ రోలర్ షాఫ్టుకు మెరుపు టేపు అంటించి వేరే టాకోమీటరుతో చూస్తే వేగంలో తేడా ఏమీ లేదు. 'నెమ్మది' అని మీ పరికరం తేల్చిన స్పిండిళ్ల నూలును ల్యాబులో పరీక్షించాం, పురి సరిగ్గానే ఉంది. మీ కేటలాగులో ఖచ్చితత్వం 0.1 శాతం అని ఉంది. అంటే 16,000 దగ్గర 16 మించకూడదు. ఇక్కడ 240 తేడా వస్తోంది.

"బొమ్మ ఆగేదాకా నాబ్ తిప్పుకోండి" అని మీ సర్వీస్ ఆయన మొదటిసారి చెప్పారు. బొమ్మ ఆగడానికేముంది, 8,000 దగ్గరా ఆగుతుంది, ఎందుకంటే రెండు చుట్లకొకసారి మెరుస్తుంది. 32,000 దగ్గర రెండు చుక్కలై ఆగుతుంది. ఆగినంత మాత్రాన వేగం తెలియదు, తెరమీది అంకె నిజమైతేనే తెలుస్తుంది. రెండోసారి, సెన్సర్ తగిలించి సింక్ చేసుకోమన్నారు. ఒక స్పిండిల్‌కు సెన్సర్ పెడితే వెలుగు దాన్నే అనుసరిస్తుంది. అదే నెమ్మదిగా తిరుగుతుంటే బాగున్నవన్నీ ముందుకు పరిగెత్తినట్టు కనిపిస్తాయి. వెయ్యి స్పిండిళ్లను ఒక కొలతతో పోల్చే పనికి అది సరిపోదు.

ఇంకొక సంగతి, ఇది నాకు మరీ భయం కలిగించింది. కొత్తగా చేరిన కుర్రాడు స్ట్రోబ్ వెలుగులో నిలబడ్డ స్పిండిల్‌ను చూసి, నిజంగానే ఆగిందనుకుని చెయ్యి చాపాడు. పక్కనే ఉన్నాను కాబట్టి మణికట్టు పట్టి లాగేశాను. తిరిగే యంత్రం ఆగినట్టు కనిపిస్తుందని గానీ, మూర్ఛ జబ్బు ఉన్నవాళ్లకు మినుకుమినుకుమనే వెలుగు ప్రమాదమని గానీ మీ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఉన్న నాలుగు పేజీలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

నేను కోరేది ఇది. వారంటీ ఇంకా ఉంది కాబట్టి ఈ పరికరం తీసుకుని, గంటసేపు వెలిగించాక కూడా అంకె తప్పదని పరీక్షించి, ఆ పరీక్ష కాగితంతో సహా మరొకటి పంపండి. కుదరకపోతే డబ్బు వాపసు ఇవ్వండి. పరికరం మీదే తెలుగులో హెచ్చరిక అంటించండి. వీటితో పాటు, లోపం పరికరానిదేనని మీ లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వండి. ఆ అమ్మాయికి నేను క్షమాపణ చెప్పాను, కానీ ఆమె మీద రాసిన మెమో ఇంకా ఫైల్లోనే ఉంది. దాన్ని తీయించడానికి మేనేజరు గారి ముందు పెట్టాల్సింది మీ కాగితమే.

పదిహేను రోజుల్లో జవాబు రావాలి.

ఇట్లు,
రింగ్ ఫ్రేమ్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్

జతచేసినవి: కొనుగోలు బిల్లు నకలు, రెండు నడకల్లో రాసుకున్న లెక్కల కాగితాలు, ల్యాబు పురి పరీక్ష ఫలితం.