పూర్తిగా రీస్టోర్ చేశామని అమ్మిన 1966 మస్టాంగ్ కన్వర్టిబుల్ గురించి ఫిర్యాదు

సేల్స్ మేనేజర్ గారికి,

నమస్కారం. బేరమంతా మనం తెలుగులోనే మాట్లాడుకున్నాం కాబట్టి ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. దీని ఇంగ్లీషు ప్రతి సర్టిఫైడ్ మెయిల్‌లో మీ డల్లాస్ షోరూముకు వస్తుంది.

ఎ కోడ్ (బండి నంబరులో ఇంజను రకాన్ని చెప్పే అక్షరం) 289 క్యూబిక్ ఇంచుల ఇంజను, తుప్పు లేని బాడీ, ముందు డిస్క్ బ్రేకులు. మీ ప్రకటనలో ఈ మూడూ చూసే 46,500 డాలర్లు కట్టాను. బండిని లిఫ్టు మీదికెక్కిస్తే మూడూ తేలిపోయాయి.

ముందుగా బ్రేకులు, అది ప్రాణాలకు సంబంధించిన సంగతి. డిస్కులు కొత్తవి బిగించారు గానీ పెడల్ ఒత్తిడిని బ్రేకు పైపుల్లోకి పంపే మాస్టర్ సిలిండర్ మాత్రం ఒకే గది ఉన్న పాతదే వదిలేశారు. ఎక్కడ ఒక్క పైపు కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఫోర్డ్ వాళ్లే 1967 మోడల్‌కు రెండు గదుల సిలిండర్ పెట్టారు. పైగా డ్రమ్ముల కోసం చేసిన ఆ పాత సిలిండర్‌లో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడిని పట్టి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ముకు అది అవసరం, డిస్కుకు చేటు. పెడల్ వదిలేసినా ప్యాడ్లు డిస్కును ఒరుసుకుంటూనే ఉంటాయి. పదిహేను నిమిషాలు నడిపి ఆపితే ముందు రిమ్ముల మీద చెయ్యి ఆనడం లేదు, కాలిన ప్యాడ్ల వాసన కొడుతోంది. వెనక డ్రమ్ములకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు అసలు పెట్టనేలేదు, గట్టిగా తొక్కితే వెనక చక్రాలే ముందు లాక్ అవుతున్నాయి.

ఇక బాడీ, పైన పటారం లోన లొటారం. ఈ బండికి విడిగా ఛాసిస్ ఉండదు, పైకప్పూ లేదు. డోర్ల కింది రాకర్లే దానికి వెన్నెముక. మీరు అమ్మిన బండిలో ఎడమ రాకర్ మీద దాదాపు అడుగున్నర మేర అయస్కాంతం అంటుకోవడం లేదు. అక్కడున్నది పుట్టీ. ముందు భాగాన్ని జాకీతో ఎత్తితే డోరు వెనక అంచు పైన సందు 5 మిల్లీమీటర్ల నుంచి 2కి పడిపోయి డోరు మొరాయిస్తోంది. ఫ్లోరు మీద కొత్త రేకును పాత తుప్పు మీదే రివిట్లతో బిగించి సీలర్ పూశారు. ఆ తుప్పు ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చూడలేదు. వైపర్ల ముందున్న కౌల్ (అద్దం కింది గాలి పెట్టె) జల్లెడలో లీటరు నీళ్లు పోస్తే రెండు నిమిషాల్లో కుడివైపు కార్పెట్ తడుస్తోంది. స్పాట్ వెల్డులు డ్రిల్ చేసి, కౌల్ ఊడదీసి, కొత్త రేకు వెయ్యాల్సిన చోట సిలికాన్ రాశారు.

ఇంజను 289 కాదు. బ్లాకు మీద ఈ7టీఈ అని ఉంది, అంటే 1980ల చివరి 5.0 లీటర్ల బ్లాకు. దాని క్రాంకుకు (పిస్టన్లు తిప్పే ఇరుసుకు) 50 ఔన్సుల బ్యాలెన్స్ కావాలి, మీరు ముందు బిగించింది 289 నాటి మూడు బోల్టుల 28 ఔన్సుల డ్యాంపరు (క్రాంకు ముందు చివర ఉండే బరువు చక్రం). 2,200 ఆర్‌పీఎం దాటగానే స్టీరింగ్ వణికేది అందుకే. ఇలాగే నడిపితే క్రాంకు బేరింగులు పోతాయి.

డోరు ప్లేటు మీది నంబరు 6ఎఫ్08ఎ అని మొదలవుతోంది. ఎడమ ఫెండర్ లోపల ఏప్రన్ మీద కొట్టిన నంబరులోనూ, టైటిల్ (యాజమాన్య పత్రం)లోనూ ఎ బదులు సీ ఉంది. ఎ కోడ్ 225 హార్స్‌పవర్, సీ కోడ్ 200. ఇది పొరపాటున జరిగేది కాదు, ఆ ప్లేటు కొత్తగా కొట్టించినది.

బాడీ, కౌల్ పనికి 11,200, బ్రేకులకు 1,400, డ్యాంపరు, ఫ్లెక్స్‌ప్లేటు (క్రాంకు వెనక చివరి పళ్ల చక్రం) మార్చి బ్యాలెన్స్ చేయడానికి 1,800, తప్పుడు కోడ్ వల్ల తగ్గిన విలువ 4,000. మొత్తం 18,400 డాలర్లు చెల్లించండి, లేదా బండి వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము ఇవ్వండి. టెక్సస్ వినియోగదారుల చట్టం ప్రకారం దావాకు 60 రోజుల ముందు ఇవ్వాల్సిన రాతపూర్వక నోటీసుగా దీన్ని స్వీకరించండి.

మీ మెకానిక్‌ను పంపితే అన్నీ దగ్గరుండి చూపిస్తాం. బ్రేకులు ఇలా ఉన్నాయి కనుక బండిని నడుపుకుంటూ తీసుకురాలేం. వెనక్కి తీసుకుంటామంటే ట్రక్కు మీరే పంపండి.

ఇట్లు,
కొనుగోలుదారు