వేళ్ల సంగతి దాచకు తల్లీ

చిరంజీవి స్వాతికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. బుజ్జిగాడి పరీక్ష ఫీజు కట్టేశాం. నాయనమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. దసరా వెళ్లాక నీ దగ్గర్నుంచి నిండుగా ఒక్క మాట లేదు, షిఫ్టులు మారాయేమో అనుకున్నాం. మొన్న కుమారి అత్త వచ్చింది. పొద్దున్నే నీ వేళ్ల కొసలు తెల్లగా పాలిపోతున్నాయని, బ్రష్షు కూడా పట్టు చిక్కడం లేదని వాళ్ల శైలు చెప్పిందట. సరే, అది తర్వాత. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నీలాగే ఫ్యాక్టరీలో విమానాలు కట్టిన ఆడవాళ్ల గురించి అప్పుడెప్పుడో అడిగావుగా, అదే రాద్దామని కూర్చున్నాను.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో విల్లో రన్ అని ఫోర్డు వాళ్ల కర్మాగారం ఉండేది. అక్కడ బి-24 లిబరేటర్ బాంబర్లు కట్టేవాళ్లు, 1944లో జోరు మీదున్నప్పుడు గంటకొకటి చొప్పున. ఒక్కో విమానానికి మూడు లక్షల పైచిలుకు రివెట్లు, అదే, రేకుల్ని కలిపి బిగించే లోహపు మేకులు. పనివాళ్లలో దాదాపు మూడో వంతు ఆడవాళ్లే. అంతకుముందు ఆ మేకుల్ని గాలి ఒత్తిడితో కొట్టే రివెట్ గన్ను ముట్టుకోని వాళ్లే ఎక్కువమంది.

నువ్వు చేసేదే వాళ్లూ చేశారు, జంటగా. రేకుకి ఈవల గన్ను పట్టుకుని ఒకామె, ఆవల రివెట్ కొస నలిగి తలలా అయ్యేలా బకింగ్ బారు అనే లోహపు దిమ్మ ఆనించి ఇంకొకామె. రెక్క లోపలి ఇరుకులో దూరడానికి పొట్టివాళ్లను ప్రత్యేకంగా తీసుకునేవాళ్లు. ఆ హోరులో మాట వినపడదు కాబట్టి రివెట్ మీద తట్టడమే భాష. ఒకసారి తడితే ఇంకాస్త కొట్టు, రెండుసార్లు తడితే బాగుంది, మూడుసార్లయితే చెడింది, తీసెయ్. చెడడానికి కారణాలు నీకు తెలిసినవే. గన్ను నిటారుగా లేకపోతే తల మీద నెలవంక గాటు పడుతుంది, బారు వాలితే ఆవలి తల పక్కకి ఒరుగుతుంది. రేకుల మధ్య డ్రిల్లు పొట్టు మిగిలితే అవి అతుక్కోవు, అందుకే రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే క్లీకోలు తీసి, రేకులు విడదీసి, రంధ్రం అంచున మిగిలిన బూరు గీకాలి. 1/8 అంగుళం రివెట్‌కి 30వ నంబరు డ్రిల్లు. రేకుల మందం దాటి రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్ల పొడవు మిగలాలి. కొట్టాక ఆవలి తల వెడల్పు ఆ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, మందం ఆ వ్యాసంలో సగం రావాలి. గాలి ఒత్తిడి తక్కువ పెట్టి ఎక్కువసేపు కొడితే లోహం గట్టిపడి తల పగులుతుంది. చేతికి అదురూ ఎక్కువే. ఈ మాట గుర్తుపెట్టుకో.

గట్టి రకం రివెట్లను వేడిచేసి చల్లార్చి ఐస్ పెట్టెలో ఉంచేవాళ్లు. 24-ఎస్ అనే అల్యూమినియం మిశ్రలోహపు రకాన్ని బయటికి తీస్తే పది, ఇరవై నిమిషాల్లో కొట్టేయాలి, ఆలస్యమైతే బిగుసుకుపోయి పగులుతాయి. అందుకే గుప్పెడు గుప్పెడే తీసుకునేవాళ్లు. ఆ గుప్పెడు అయిపోయేదాకా చెయ్యి ఆపడానికి వీలుండదు. అదురంతా గన్ను పట్టినామె చేతికే అనుకోకు, బారు పట్టినామెకీ అంతే తగులుతుంది.

అదురు అంటే అలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ గుర్తొస్తోంది. 1918లో ఇండియానాలోని బెడ్‌ఫోర్డ్ రాతి గనులకు వెళ్లి, గాలి సుత్తితో సున్నపురాయి చెక్కేవాళ్ల చేతులు పరీక్ష చేసింది. చలి పొద్దుల్లో వాళ్ల వేళ్లు తెల్లబడి మొద్దుబారేవి. అందులోనూ ఉలి పట్టే ఎడమచేతికే ఎక్కువ. అదురుకి చలి తోడైతే వేళ్లకు రక్తం అందదని ఆవిడ రాసింది. మొదట తిమ్మిరి, తర్వాత కొస తెల్లబడడం, మళ్లీ వేడెక్కేటప్పుడు ఎర్రబడి మంట. ఈ దశలో అదురు తగ్గిస్తే చాలావరకు తగ్గుతుంది. ముదిరాక చొక్కా గుండీ పెట్టుకోవడమే కష్టం, అప్పుడిక వెనక్కి తిరగదు.

ఇది చదివి భయపడకు, చేయాల్సింది చెయ్యి. ఏ వేలు, ఏ పూట, ఎంతసేపు తెల్లబడిందో తేదీతో నోటుబుక్కులో రాయి, ఫోన్లో ఫోటో తియ్యి. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి వేళ్లు మామూలుగానే ఉంటాయి, ఫోటో లేకపోతే నమ్మించలేవు. ముందు ఫ్యాక్టరీ డాక్టరుకు చెప్పు, తర్వాత సూపర్‌వైజర్‌కు. డ్రిల్లింగు, సందులు పూడ్చే సీలెంటు పనులతో రివెటింగు మార్చి మార్చి వేయమని అడుగు. గన్నును బిగించి పిసకకు, అదుపు తప్పకుండా ఉండేంత పట్టు చాలు. బరువైన టంగ్‌స్టన్ బారు ఉంటే అదే తీసుకో. షిఫ్టుకి ముందే చేతులు వెచ్చబెట్టుకో, స్కూటీ మీద గ్లవ్స్ లేకుండా వెళ్లకు. చెప్తే పనిలోంచి తీసేస్తారని దాచిపెడుతున్నావేమోనని నా అనుమానం.

జడ సంగతి కూడా. ముడి చుట్టి వల టోపీలో పెట్టు. 1943లో సినిమా నటి వెరోనికా లేక్ అమెరికా ప్రభుత్వం అడిగితే ముఖం మీద పడే జుట్టు పద్ధతే మార్చుకుంది, ఫ్యాక్టరీ ఆడపిల్లలు ఆవిణ్ణి చూసి వదులు జుట్టుతో మెషీన్ల దగ్గరికి వెళ్తున్నారని. చెవి ప్లగ్గులు నలిపి లోపలిదాకా పెట్టు, పైపైన కాదు.

విల్లో రన్‌లో రోజ్ మన్రో అని ఇద్దరు పిల్లల తల్లి రివెటర్‌గా చేసింది. యుద్ధ బాండ్ల ప్రచార చిత్రంలో కూడా కనిపించింది. తనకు విమానం నడపాలని కోరిక. యాభై ఏళ్ల వయసులో లైసెన్సు తెచ్చుకుంది. చేతులు బాగుంటేనే కదమ్మా ఏదైనా. 1945 జూన్‌లో అక్కడ చివరి బి-24 బయటికొచ్చింది. అంత పని నేర్చిన ఆడవాళ్లు చాలామంది ఇంటిదారి పట్టారు. నీ పని అలా ఊరికే పోకూడదు.

నువ్వుల ఉండలు, కందిపొడి శైలు చేత పంపుతున్నాను. వచ్చే ఆదివారం నాన్నగారు అక్కడికి వస్తారు, సోమవారం మీరిద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. సెలవు దొరుకుతుందో లేదో రాత్రికి ఫోన్ చేసి చెప్పు, టికెట్టు తీయాలి.

అమ్మ