ఒహాయో స్టేట్, మిషిగన్ గొడవ గురించి శీనుగాడికి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్, పిల్లలెలా ఉన్నారు, అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా. మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్నింకా వదల్లేదు రా, అప్పుడే చెబ్దామంటే నీకు ఆఫీసు టైమైపోయింది, అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, పెద్దదైనా పూర్తిగా చదువు. 2025 సెప్టెంబర్లో దుబాయ్‌లో పాకిస్తాన్ మ్యాచ్ అయ్యాక సూర్యకుమార్ ప్రెస్ వాళ్లతో అన్నదాన్ని పట్టుకున్నావు నువ్వు, లెక్క 7-7, 8-7 అన్నట్టుంటే రైవల్రీ గానీ ఎప్పుడూ ఒకడే కొడుతుంటే అదేం రైవల్రీ అని. ఆ లెక్కన మా ఒహాయో స్టేట్, మిషిగన్ గోల కూడా ఉత్త హడావుడేనన్నావు. అక్కడే నేను నీతో ఒప్పుకోను.

ముందు సంగతేంటో చెప్తా. ఇది మనం చిన్నప్పుడు ఆడిన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్, అదీ కాలేజీ పిల్లలు ఆడేది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ మా కొలంబస్‌లోనే, మిషిగన్ వాళ్లది యాన్ ఆర్బర్‌లో, కార్లో ఓ మూడు గంటలు. రెండు స్టేడియాల్లోనూ లక్ష మంది పైనే పడతారు. ఏడాదికి ఒకటే గేమ్, రెగ్యులర్ సీజన్‌లో ఆఖరిది, నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ అయిన శనివారం. ఏడాదికొక్కటే అన్నది బాగా గుర్తుపెట్టుకో, సిరీస్‌లో ఒకటి పోతే ఇంకోదాంట్లో చూసుకుందాం అనే వీల్లేదు, పోతే ఏడాదంతా మోయాల్సిందే, ఆఫీసులో, ఇండియన్ స్టోర్లో, పిల్లల బర్త్‌డే పార్టీల్లో, ఎందుకంటే డెట్రాయిట్ వైపు నోవై, ట్రాయ్, కాంటన్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసుగా, మా చుట్టాలు సగం అక్కడే, వాళ్ల పిల్లలు మిషిగన్ జెర్సీ వేసుకుని మా ఇంటికొస్తారు, మా వాడు గుమ్మంలోనే నిలదీస్తాడు.

లెక్క విషయంలో నువ్వు చెప్పింది నిజమే. 1897లో మొదటి గేమ్ మిషిగన్ 34-0తో గెలిచింది, 1902లో అయితే 86-0, ఒహాయో స్టేట్ మొట్టమొదటిసారి గెలవడానికి 1919 రావాల్సొచ్చింది. ఈ మధ్య సంగతి చూస్తే 2004 నుంచి 2019 దాకా 16 గేముల్లో మిషిగన్ గెలిచింది 2011లో ఒక్కటే. 2020లో కోవిడ్ వల్ల ఆడలేదు, తర్వాత 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగూ మిషిగన్ కొట్టింది. నువ్వడిగే సమాన లెక్క కావాలంటే 1969 నుంచి 1978 దాకా ఉంది, ఇక్కడ వుడీ హేస్, అక్కడ బో షెంబెక్లర్ కోచ్‌లుగా ఉన్న పదేళ్లు, మిషిగన్ 5, ఒహాయో స్టేట్ 4, ఒకటి డ్రా. ఆ రోజుల గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ కథలు కథలుగా చెప్తారు. కానీ 120 ఏళ్లు దాటిన చరిత్రలో అలాంటి పదేళ్లు ఎన్నున్నాయి రా, మిగతా రోజుల్లో చాలావరకు ఎవడో ఒకడు ఇంకొకడి నెత్తినెక్కి కూర్చునే ఉన్నాడు.

మరి నిజమైన పంతం అని ఎలా తెలుస్తుందంటావా. ఓడేవాణ్ణి చూస్తే తెలీదు, ఓడేవాడికి ఎలాగూ మంటగానే ఉంటుంది, అందులో విశేషం లేదు. గెలుస్తున్నవాణ్ణి చూడు. వాడికి నిద్ర పడుతోందా లేదా, అదే నా కొలత.

ఇక్కడ ఆ గేమ్ వారం వచ్చిందంటే క్యాంపస్‌లో బోర్డుల మీద ఎం అక్షరం కనిపించిన ప్రతిచోటా ఎర్రటేపుతో ఇంటూ మార్కు కొట్టేస్తారు, బిల్డింగ్ పేర్లలో కూడా. ఈ మధ్య ఓడిపోయిన ఏళ్లలో పుట్టిన అలవాటు కాదిది, వరసపెట్టి గెలుస్తున్న రోజుల్లోనూ కొట్టారు. టీమ్ ప్రాక్టీస్ బిల్డింగ్‌లో ఈ ఒక్క గేమ్‌కి ఇంకెన్ని రోజులుందో చూపించే గడియారం ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటుంది. వుడీ హేస్ అయితే మిషిగన్ పేరే పలికేవాడు కాదట, ఉత్తరాన పైనున్న ఆ టీమ్ అనేవాడంతే. ఇంకోటి చెప్తా విను, 1934లో ఫ్రాన్సిస్ ష్మిట్ అని కొత్త కోచ్ వచ్చాడు, మిషిగన్‌ని కొట్టగలమా అనడిగితే వాళ్లూ మనలాగే ఒక్కో కాలూ పెట్టి ప్యాంటు తొడుక్కునేవాళ్లేగా అన్నాడు, ఆ ఏడాది 34-0తో కొట్టారు, అప్పట్నుంచి మిషిగన్‌ని ఓడించిన ప్రతిసారీ ఆటగాళ్లకి బంగారు ప్యాంటు ఆకారంలో చిన్న లాకెట్ ఇస్తారు. మా ఆఫీసులో ఒక పెద్దాయన వాళ్ల ఇంట్లోవాళ్లది ఒకటి తెచ్చి చూపించాడు, గోరంత ఉంది, చెయ్యి తుడుచుకుని గానీ ముట్టుకోనివ్వలేదు. ఇంకే టీమ్‌ని కొట్టినా ఈ లాకెట్ రాదు, ఒక్క మిషిగన్‌కే.

జాన్ కూపర్ కథ విన్నావంటే నా మాట నీకు పూర్తిగా అర్థమవుతుంది. 1988 నుంచి 2000 దాకా ఇక్కడ కోచ్, 111 గెలిచి 43 ఓడాడు, 4 డ్రా. ఏ కాలేజీ అయినా కళ్లకద్దుకునే రికార్డు. కానీ మిషిగన్ మీద 2 గెలుపులు, 10 ఓటములు, ఒక డ్రా. అందులోనూ ఎలాంటివి, 1993లో ఒక్కటీ ఓడకుండా వెళ్లి 28-0తో పోయారు, 1995లో 11 గేములు వరసగా గెలిచి వెళ్తే టిమ్ బియాకబుటుకా అనే కుర్రాడు ఒక్కడే బంతి పట్టుకుని 313 గజాలు పరిగెత్తి ముంచేశాడు, 1996లో మళ్లీ 10 గెలిచి సొంతూళ్లో 13-9తో ఓడారు. ఆఖరికి ఉద్యోగం పోయింది. తర్వాత 2001 జనవరిలో వచ్చిన జిమ్ ట్రెస్సెల్ మొదటిరోజే బాస్కెట్‌బాల్ మ్యాచ్ మధ్యలో మైకు పట్టుకుని, ఇంకా 310 రోజుల్లో యాన్ ఆర్బర్‌లో మన పిల్లల్ని చూసి మీరు గర్వపడతారు అన్నాడు. చాంపియన్‌షిప్ తెస్తాననలేదు చూడు, ఆ ఒక్క తారీకు గురించే మాట్లాడాడు. ఆ తారీకున గెలిచాడు కూడా.

ఇప్పుడు దీని పక్కన ఒక్లహోమా, ఒక్లహోమా స్టేట్‌ల సంగతి పెట్టి చూడు. ఒకే రాష్ట్రం, పెద్ద పేరున్న గొడవ, లెక్క ఒక్లహోమా 91, ఒక్లహోమా స్టేట్ 20, డ్రాలు 7. స్టేట్ వాళ్లకి అది ప్రాణం, కానీ ఒక్లహోమా వాళ్ల మనసంతా డల్లాస్‌లో టెక్సస్‌తో ఆడే గేమ్ మీదే. కాన్ఫరెన్స్, అంటే కాలేజీలు కలిసి ఆడే లీగ్, మారే చాన్స్ రాగానే టెక్సస్‌తో కలిసి వెళ్లిపోయారు, ఈ గేమ్ ఆగిపోయింది. 2023 నవంబర్లో ఆఖరిది 27-24తో స్టేట్ వాళ్లే గెలిచారు, ఆ గెలుపు చూసి నాకు చాలా సంతోషమేసింది రా, కానీ అటువైపు వాళ్లకి ఆ గేమ్ వదులుకోవడం పెద్ద కష్టమనిపించలేదంటే అది ఒకవైపు పంతమే. నోట్రడామ్ యూనివర్సిటీ, నేవీ, అంటే అమెరికా నౌకాదళ అకాడమీ టీమ్, వీళ్ల సంగతి ఇంకో రకం. 1964 నుంచి 2006 దాకా వరసగా 43 సార్లు నోట్రడామే గెలిచింది, 2007లో మూడో ఓవర్‌టైమ్‌లో 46-44తో నేవీ ఆ గొలుసు తెంచింది. అయినా అక్కడ ద్వేషం లేదు, రెండో ప్రపంచయుద్ధం టైమ్‌లో నోట్రడామ్‌లో నేవీ ట్రైనింగ్ నడిపి కాలేజీని నిలబెట్టిందని ఆ కృతజ్ఞతతోనే ఇన్నేళ్లుగా ఆడుతున్నారు. ఎంతో మర్యాదైన బంధం, కానీ దాన్ని రైవల్రీ అని మాత్రం నేననను.

మా వాళ్లది అలా కాదు, ఇల్లూ ఇల్లూ కలిసిపోయిన గొడవ. 1835లో టొలీడో ప్రాంతం నాదంటే నాదని రెండు వైపులా సైన్యాలు కూడా దింపారు, చివరికి టొలీడో ఒహాయోకి వచ్చింది. ఆ టొలీడోలోనే పుట్టిన జిమ్ హార్బా మిషిగన్ కోచ్ అయ్యి 2021, 2022లో మా వాళ్లని రెండుసార్లు వరసగా ఓడించాడు, అంతకుముందు ఐదుసార్లు మా చేతుల్లో ఓడాడనుకో. బో షెంబెక్లర్ కూడా ఒహాయోవాడే, వుడీ దగ్గర ఆడి, వుడీ కింద పనిచేసి, 1969లో అటు వెళ్లిన మొదటి ఏడాదే గురువు నంబర్ వన్ టీమ్‌ని 24-12తో కొట్టాడు. డెస్మండ్ హోవర్డ్ క్లీవ్‌లాండ్ పిల్లాడు, 1991లో మా మీదే 93 గజాల పంట్ రిటర్న్ కొట్టి, అంటే మా వాళ్లు తన్నిన బంతిని పట్టుకుని అంత దూరం పరిగెత్తి, కాలేజీ ఆటగాళ్లలో మేటికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ ఎత్తుకుపోయాడు. మనూరి పిల్లాడే పక్కూరి తరఫున వచ్చి కొడితే ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా, మన కబడ్డీ రోజులు గుర్తుతెచ్చుకో.

ఇక 2024. కొలంబస్‌లో గేమ్, మేము నంబర్ 2, మిషిగన్ అప్పటికి ఆరు గెలిచి ఐదు ఓడిన టీమ్, ర్యాంకే లేదు. ఆఖరి నిమిషంలో ఫీల్డ్ గోల్ కొట్టి, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని, 13-10తో గెలిచారు, మా గ్రౌండ్ మధ్యలో జెండా పాతబోయారు, కొట్లాటైంది, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారు. కోచ్ ర్యాన్ డేని తీసెయ్యమని ఊరంతా ఒకటే గోల. తర్వాత ఏమైందనుకున్నావ్, అదే టీమ్ ప్లేఆఫ్స్‌లో అందర్నీ కొట్టుకుంటూ వెళ్లి 2025 జనవరి 20న నోట్రడామ్‌ని 34-23తో ఓడించి నేషనల్ చాంపియన్ అయింది, దేశం మొత్తానికి నంబర్ వన్. మర్నాడు పొద్దున్నే పక్కింటాయన మంచు ఊడుస్తూ కనిపిస్తే కంగ్రాట్స్ చెప్పా, ఆయన పుట్టింది పెరిగింది ఇక్కడే, థాంక్స్ అని ఓ రెండు నిమిషాలు ఆగి, కానీ మిషిగన్ మీద ఓడాం కదా అన్నాడు. కప్పు వచ్చిన మర్నాడు రా! ఆ మాటలో ఉన్న బాధ చూశాక నాకింక అనుమానం మిగల్లేదు. అందుకే 2025 నవంబర్లో యాన్ ఆర్బర్ వెళ్లి 27-9తో గెలిచినప్పుడు మా వీధిలో ఆ కప్పు రోజుకన్నా ఎక్కువ కేకలు వినపడ్డాయి.

నీ సంగతికొస్తే, 2023లో అహ్మదాబాద్ మ్యాచ్‌కి ముందు వన్డే వరల్డ్‌కప్పుల్లో పాకిస్తాన్ మీద మనం 7-0, అది నీకు నోటికొచ్చు, అయినా ఆ పొద్దున నువ్వు టిఫిన్ కూడా తినలేదని మీ ఆవిడే చెప్పింది నాకు. సూర్య ఏమన్నా అననీ, నువ్వు మాత్రం నా వైపే.

వచ్చే గేమ్ కొలంబస్‌లోనే, 2026 నవంబర్. వీసా ఎలాగూ ఉందిగా, ఆ టైమ్‌కి సెలవు పెట్టి రా. టికెట్లు దొరకడం కష్టమే గానీ నేను చూస్తా, దొరక్కపోతే పక్కింటాయన గ్యారేజీలో పెద్ద టీవీ ఉంది. చలికి మంచి కోటు తెచ్చుకో, నీలం రంగుది మాత్రం వద్దు, అది వాళ్ల రంగు.

నీ
రాజు